కౌలాలంపూర్ సిమ్ము బేరం

మా నాన్నకు తిరుత్తణి బజారులో పాత్రల కొట్టు ఉండేది. చెంబు కొన్నవాళ్లు అక్కడే అందులో నీళ్లు పోయించి, అడుగున వేలు రాసి, చెమ్మ లేదని తేల్చుకున్నాకే సంచిలో పెట్టుకునేవాళ్లు. గల్లా పక్కన కూర్చుని పెరిగిన నాకూ అదే బుద్ధి వచ్చింది. కొన్నది ఏదైనా కొట్టు దాటకముందే పరీక్ష జరగాలి. ఆ బుద్ధిని ఫోను సిమ్ము మీద చూపించకుండా ఉండాల్సింది.

చెల్లెలు కౌలాలంపూర్‌లో ఉంటుంది. మరిది ఓడ మీద ఉద్యోగి. కాన్పు వేళకు అతను నడిసముద్రంలో ఉంటాడని తేలడంతో తోడుకు నేను బయలుదేరాను. ఇంకా రెండు వారాలు ఉందన్నారు గానీ, నేను అంతకుముందెప్పుడూ దేశం దాటినదాన్ని కాదు. దిగిన క్షణం నుంచి ఆమె నాకు ఫోనులో దొరకాలి. ఇంట్లో ఉందో ఆసుపత్రిలో ఉందో, నేను ఎక్కడికి రావాలో ఆమే చెప్పాలి.

ఉన్న సిమ్ముకే రోమింగ్ వేయించుకుంటే పోయేది. ఆ ధర నాకు మింగుడుపడలేదు. ప్రయాణాలకు అమ్మే ఈ-సిమ్ చౌక అని విన్నాను. చేతికి చిప్పు ఏదీ రాదు, కోడ్ స్కాన్ చేస్తే ఫోనులోకి దిగుతుంది. నాలుగు రోజులు ఆరు యాప్‌లు తిరగేశాను. 'అన్‌లిమిటెడ్' అన్నచోట కింది చిన్న అక్షరాలు చదివితే, రోజుకు ఇంత దాటాక నత్తనడక అని ఉంది. ఆసియా మొత్తానికి ఇచ్చేది నాకెందుకు, పోయేది ఒక్క దేశానికి. ఈ-సిమ్‌తో కొత్త నంబరు రాదట. వాట్సాప్‌కు పాత నంబరు చాలు గదా. అన్నీ తేల్చుకున్నాక కూడా కూపన్ కోసం ఆగాను. తెర మీద ధర కనిపిస్తూ, తగ్గించమని అడగడానికి ఎదురుగా మనిషి లేకపోతే నాకు కాలు నిలవదు.

మా ఆయన మగ్గం దిగి వచ్చి తొంగి చూశాడు. "ఈ నాలుగు దినాల్లో నేను చీర నేసి కోసేసినా. నువ్వింకా నూలు యేరతానే ఉండావు" అన్నాడు.

చివరికి కొన్నాను. బయలుదేరే పొద్దున ఇంట్లోనే ఫోనులోకి ఎక్కించి చూశాను. సర్వీస్ లేదని వచ్చింది. మలేషియాలో పలకాల్సిన సిమ్ము తిరుత్తణిలో పలకదని ఇప్పుడు నేను నలుగురికి పాఠం చెప్పగలను. ఆ పొద్దున మాత్రం నాకు కారుతున్న చెంబే కనిపించింది. డిలీట్ నొక్కాను. మళ్లీ ఎక్కిద్దామనుకునేలోపు, చెన్నై రైలుకు టైమైందని మా ఆయన పెట్టె ఎత్తుకున్నాడు.

అరక్కోణం దాటాక, ప్రింటు తీయించి తెచ్చుకున్న కోడ్‌ను స్కాన్ చేశాను. దీన్ని ఒకసారి వాడేశారు, మళ్లీ పనికిరాదు అంది ఫోను. కాగితం మడత సరిచేసి మళ్లీ చేశాను. అదే మాట. లేచి తలుపుదాకా వెళ్లాను, వచ్చి కూర్చున్నాను, మళ్లీ లేచాను. కొత్తది కొనడానికి రెండు నిమిషాలు చాలు. ఒకే సరుకుకు రెండుసార్లు డబ్బు పోయడానికే మనసొప్పలేదు. యాప్‌లో సహాయం అన్నచోట చాట్ తెరిచాను.

అవతల ఉన్నది మనిషో యంత్రమో తెలియదు. వాళ్లు నిబంధన చూపించారు, నేను చెల్లెలి కాన్పు చూపించాను. సగం ధరకు కొత్తది ఇస్తామన్నారు. ఊరికే మార్చివ్వమన్నాను. పైవాళ్లను అడిగి చెప్తాం, ఉండండి అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. లోపల అడిగొస్తానని నాన్న లేచాడంటే తగ్గించడానికి ఒప్పుకున్నట్టే. లోపల ఎవరూ ఉండేవాళ్లు కారు. ఆ నిమిషంలో కొనేవాళ్లు పక్కకు చూశారో, బేరం చెడినట్టే.

అప్పుడే తెర మీదికి చెల్లెలి కాల్ వచ్చింది. కట్ చేశాను. మళ్లీ వచ్చింది. మళ్లీ కట్ చేసి, ఒక్క నిమిషం అని మెసేజ్ పెట్టాను.

నొప్పులు వస్తున్నాయని జవాబు వచ్చింది.

నేనే చేశాను. "యాడుండావక్కా?" అంది. తిరువళ్ళూరు వస్తోందని చెప్పాను.

"రెండుతూర్లు కట్ చేసినావే. ఎవురితో మాట్లాడతా ఉండావు?"

సిమ్ము వాళ్లతో అన్నాను. ఊరికే ఇచ్చేలా ఉన్నారని కూడా అన్నాను, సిగ్గు లేకుండా.

ఆమె అది వినిపించుకోలేదు. "టాక్సీ కింద నిలబడుండాది. ఆసుపత్రి చేరేదాకా ఫోను పెట్టేయకుండా మాట్లాడతా ఉండు. ఏందో ఒగటి. అంతే చాలు నాకు."

తిరువళ్ళూరు ప్లాట్‌ఫాం మీద ఏమేం కనిపిస్తే అవన్నీ చెప్పాను. మురుకుల బుట్ట, తడి గొడుగు, దిగాలా వద్దా అని తలుపు దగ్గర తన్నుకుంటున్న మొగుడూ పెళ్లాలు. చెప్పడానికి ఏమీ మిగలనప్పుడు స్టేషన్ల పేర్లు చదివాను. అవతలి నుంచి "ఊఁ" అని వస్తూనే ఉంది. నర్సు ఆమె ఫోను తీసుకునేసరికి నేను చెన్నైలోకి వచ్చేశాను. చాట్ చూస్తే, మీ నుంచి జవాబు లేదు కనుక ముగిస్తున్నాం అని ఉంది.

విమానాశ్రయంలో మొదట కనిపించిన ఈ-సిమ్‌ను, చెప్పిన ధరకే కొన్నాను. ఎక్కించాక దాని జోలికి పోలేదు. విమానంలో నాలుగు గంటలూ ఫోను ఒళ్లో పెట్టుకుని, బెల్టు విప్పుతూ పెట్టుకుంటూ కూర్చున్నాను. చక్రాలు నేలను తాకగానే ఆన్ చేశాను. తెర మూలన గీతలు ఒక్కొక్కటే లేచాయి. చెల్లెలి వాయిస్ మెసేజ్ వచ్చి ఉంది.

"ఇంకా కాలేదక్కా. ఆసుపత్రి అడ్రసు పంపినా. టాక్సీవాడి కాడ బేరం పెట్టుకోవాకు, వచ్చెయ్."