టైడా కొండ మీద నల్ల గొంగళి, పొడుగు లెన్స్

హార్న్‌బిల్ పక్షిని ఫొటో తీయాలన్న కోరిక నాకు ఒక లెన్స్ వల్ల పుట్టింది. సాలూరులో నాది చిన్న స్టూడియో. పెళ్లిళ్లకి, పాస్‌పోర్టు ఫొటోలకి 50 ఎంఎం లెన్స్ ఒక్కటే ఉండేది. 2002లో విశాఖపట్నంలో పాత 70-300 జూమ్ ఒకటి దొరికింది. అది చేతికొచ్చాక స్టూడియోలో కూర్చోలేకపోయాను. టైడా అడవిలో మేడిపళ్లు పండినప్పుడు ఆ పక్షులు వస్తాయని విన్నాను. సంచిలో రెండు లెన్సులూ పెట్టి, మళ్లీ 50 తీసి బల్ల మీద ఉంచేశాను. పక్షి దూరంగా ఉంటుంది, దగ్గరి లెన్స్‌తో పనేముంది అనుకున్నాను. ఆ చోట్లో మా నాన్న నల్ల గొంగళి పెట్టుకున్నాను. పక్షి కంటపడకుండా కప్పుకుని కూర్చోవచ్చని.

అది చైత్రమాసం. ముందురోజు బస్సులో విజయనగరం మీదుగా కొత్తవలస చేరి అక్కడే పడుకున్నాను. పొద్దున్న ఎనిమిది ప్రాంతంలో కిరండూల్ పాసింజర్ ఎక్కాను. టికెట్టు ఒక పూట టిఫిన్ ఖర్చు కూడా కాదు, కానీ కొత్తవలసలో సీటు దొరకదు. శృంగవరపుకోట దాటాక బండి కొండ ఎక్కుతూ నెమ్మదిస్తుంది. తలుపు దగ్గర నిలబడి చూడాల్సింది అక్కడే. తొమ్మిదిన్నర దాటాక టైడాలో దిగి, టీ తాగి, కాలిబాటన అరగంట నడిస్తే ఒక చిన్న ఊరు వచ్చింది.

ఊరి మొదట్లో దారికి అడ్డంగా వెదురు బొంగు పట్టుకుని ఆడవాళ్లు నిలబడ్డారు. కొండ ఊళ్లలో చైత్రాన చేసే ఇటుకల పండగ. ఆ పండగ రోజుల్లో ఎవరొచ్చినా చిల్లర ఇచ్చి దాటాలి. బొంగు పట్టుకున్నామె పేరు బుద్రమ్మ, నలభై ఏళ్లుంటాయి.

"ఆ సంకలో ఉన్నదేటి బాబూ, తుపాకీయా?"

"కెమెరా అమ్మా. పిట్టల్ని ఫొటో తీస్తాను."

"మా మగోలు మూడు దినాల్నించి ఏటకెల్లి కొండ మీదున్నారు. నువ్వు పిట్టల బొమ్మలు తీత్తావా?" అంది. మిగతావాళ్లు విరగబడి నవ్వారు. "ఏటీ కొట్టకుండా దిగొచ్చినోడికి పేడనీల్లు పోత్తాం. నీకూ ఒక కుండ ఉంచుతాం, బేగి రా!"

నేనూ నవ్వి, చిల్లర ఇచ్చి దాటిపోయాను. కొండ మీద వేటగాళ్లున్నారని ఆమె తెలుగులోనే చెప్పింది. అది నాకు హెచ్చరికలా వినపడలేదు.

పదకొండుకి మేడిచెట్టు కనపడింది. నలభై గజాల ఇవతల పొద చాటున బోర్లా పడుకుని, తల మీదుగా గొంగళి కప్పుకున్నాను. చెట్ల నీడలో ఈ జూమ్‌తో పెద్ద కష్టం వెలుతురు. 300 దగ్గర లెన్స్ లోపలి రంధ్రం 5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు. తక్కువ వెలుతురుకి పనికొచ్చే 400 రీలు వేసినా షట్టర్ నెమ్మదిగా పడుతుంది, చెయ్యి కదిలితే బొమ్మ పోయినట్టే. అందుకే సంచి మీద ఆనించాను. గంటన్నరకి పక్షి వచ్చింది. వ్యూఫైండర్ నిండా పసుపు ముక్కు, ఎర్రటి కన్ను. మూడు ఫొటోలు తీశాను. నాలుగోది తీస్తుంటే గొంగళిని ఎవరో లాగినట్టయింది. ముల్లు తగిలిందనుకుని విదిలించాను. రాలేదు. మళ్లీ లాగి, అప్పుడు తల తిప్పి చూశాను.

నా మోచేతికీ పక్కటెముకలకీ మధ్య గొంగళిలోంచి బాణం భూమిలో దిగి ఉంది. దాని ఈకలు ఇంకా వణుకుతున్నాయి.

గొంగళి తల మీంచి లాగేశాను. ఇరవై అడుగుల దూరంలో ఒకతను రెండో బాణం ఎక్కుపెట్టి ఉన్నాడు. నా మొహం చూసి విల్లు వదిలేసి, ఉన్నచోటే కూలబడ్డాడు.

"గుడ్డెలుగనుకున్నాను బాబూ! నల్లగా కదిలితే గుడ్డెలుగే అనుకున్నాను!" అని, పరిగెత్తుకొచ్చి నా వీపు, చేతులు, పొట్ట తడిమాడు. "తగిల్లేదు గదా? సెప్పు, తగిల్లేదు గదా?"

తగల్లేదు. అతని పేరు గాసన్న. బాణం పీకడానికి ఇద్దరం పట్టాల్సి వచ్చింది.

"పోలీసోలికి సెప్తావా?"

"చెప్పను."

"ఊర్లో?"

"చెప్పను."

రెండు దాటాక ఊళ్లోకి దిగాం. అదే బొంగు, అదే బుద్రమ్మ, పక్కన పేడనీళ్ల కుండ. గాసన్న ఆమె పెనిమిటి అని అప్పుడు తెలిసింది.

"ఒట్టి సేతులేనా? మూడు దినాలు కొండ మీద నిద్రోయావేటి?" అని కుండ ఎత్తింది. అంతలో నా భుజం మీద గొంగళి చూసింది. కన్నంలో వేలు పెట్టింది. మొగుడి వైపు చూసింది. అతను తలొంచుకున్నాడు. ఆమె నవ్వు ఆగిపోయింది. మిగతా ఆడవాళ్లు ఇంకా నవ్వుతుండగానే, కుండెడు నీళ్లూ అతని నెత్తిన పోసింది.

తర్వాత నాకు అంబలి ఇచ్చింది. తాగాక అంది: "ఈ మనిసిని తీయి బాబూ. విల్లు, ఆ కన్నం పడ్డ గొంగలి, అన్నీ పడాల. మల్లా ఏడాది ఏటకెల్లేముందర ఈ మనిసికే సూపిత్తాను."

ఇళ్ల మధ్య ఇరుకు సందు, రెండు వైపులా జనం మూగారు. గోడకి వీపు ఆనించినా, జూమ్‌ని వెనక్కి తిప్పి 70 దగ్గర పెట్టినా, గాసన్న మొహం తప్ప ఏదీ పట్టలేదు. ఆ మాటే చెప్పి, పట్టినంత మొహమే తీశాను.

"అంత పొడుగు గొట్టానికి ఒక్క మనిసి పట్టడా?" అంది.

రీలు కడిగితే హార్న్‌బిల్ మూడు ఫొటోలూ బాగా వచ్చాయి. చాలామంది మెచ్చుకున్నారు. బుద్రమ్మకి పంపింది మాత్రం ఆ మొహమే. పేడనీళ్లు కారుతున్న మొహం, రెప్ప వేయని కళ్లు. ఆ పూట నా మొహమూ అలాగే ఉండి ఉంటుంది. పొడుగు లెన్స్ నలభై గజాల అవతలి కన్ను చూపించింది. ఇరవై అడుగుల్లో నిలబడ్డ మనిషిని దాచేసింది. తప్పు లెన్స్‌ది కాదు. దాని వెనకున్న నాకు ఇంకో కన్ను కూడా ఉంది, దాన్ని మూసుకున్నాను.

చైత్రంలో అరకు వైపు వెళ్లేవాళ్లకి ఒక్కటే చెప్తాను. దారికి అడ్డంగా బొంగు కనిపిస్తే కొండ మీద వేటగాళ్లున్నట్టే, పొడుగు లెన్స్ సంచిలోంచి తీయకండి. 50 తగిలించుకుని, కనపడే రంగు చొక్కాతో, ఆ ఊళ్లోనే కూర్చోండి.