సుద్ద మీద నల్లగీత

మొన్న నిజామాబాదులో మా ఇంటి తలుపులకు రంగు వేస్తున్న మనిషి కుంచెలు కడుక్కోవడానికి కిరసనాయిలు డబ్బా మూత తీశాడు. వాసన వరండా అంతా నిండింది. మా కోడలు ముక్కు మూసుకుని లోపలికి పోయింది. నేను మాత్రం కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాను. ముసలాయనకు మతి పోయిందనుకున్నారో ఏమో! ఆ వాసన తగిలితే చాలు, నాకు దావీదు మిస్త్రి కనిపిస్తాడు. చేతిలో గుడ్డపేలికతో, బుల్డోజరు చైను ముందు గొంతుక్కూర్చుని ఉంటాడు.

గోదావరి కాలువల పనులు జోరుగా సాగుతున్న రోజులవి. బోధన్ దగ్గర చెరుకు బండ్లు తోలుకునే ఇంట్లో పుట్టిన నేను బుల్డోజరు డ్రైవరునై నందిపేట్ వైపు పనిలో చేరాను. అక్కడి యంత్రాల షెడ్డుకు పెద్ద దావీదు మిస్త్రి. మెథడిస్టు ఇంటి మనిషి. ఆదివారం ప్రార్థనకు మల్లెపువ్వులాంటి చొక్కా, మిగతా రోజుల్లో గ్రీజు మరకల ఖాకీ. నోరు మంచిది కాదు. మేము డ్రైవర్లం ఇంజను చప్పుడు విని మురిసిపోతుంటే, ఆయన బండి కిందికి దూరి చైను, రోలర్లు, చైనును లాగే పళ్ళచక్రం చూసేవాడు. నల్లరేగడిలో ఇసుక కలిసిందంటే ఇనుమును ఆకురాయిలా అరగదీస్తుంది. చైను లింకులను కలిపే పిన్నుల మీద బుష్షులనే ఇనుప గొట్టాలుంటాయి. అవి ఒకవైపు అరిగితే సగం తిప్పి, రెండో వైపు వాడుకునేవాళ్ళం. ఆ వైపూ అరిగితే కొత్తవి వేయాల్సిందే.

చేరిన కొత్తలో నేను బండిని తళతళలాడేలా కడిగి, చైను వదులుగా కనిపిస్తోందని బిగించాను. మెచ్చుకుంటాడనుకుంటే దులిపేశాడు. "కడిగి బిగిస్తివి. రేపు రేగడిల దిగినంక బురద ఇరుక్కుంటది, చైను ఇంకింత గుంజుకుంటది. తెగదా? బిగువు సూడాలంటె బురదతోని సూడు. అరుగుడు సూడాలంటె కడిగి సూడు. గిది యాదికుంచుకో!" అప్పట్లో ఆ మాట నాకు చాదస్తంగానే తోచింది.

ఒక శ్రావణంలో వానలు విడవకుండా పట్టుకున్నాయి. వాగు పొంగి, మేము కొత్తగా పోసిన కాలువ కట్టకు గండి పడింది. గండి కిందనే గంగారెడ్డి అనే రైతు పసుపు చేను. పసుపులో నీళ్ళు నిలిస్తే దుంప కుళ్ళిపోతుంది, ఏడాది కష్టం మట్టిపాలవుతుంది. ఆయన తడిసిన గొంగడితో షెడ్డుకు పరుగెత్తుకొచ్చాడు. ఆ పూట నడిచే బండి నాదొక్కటే. నేను సీటెక్కాను. దావీదు మిస్త్రి చెయ్యడ్డం పెట్టాడు.

"దిగు. నిన్న రాళ్ళల్ల నడిసిన బండి. జరంత సూడనియ్యి."

ఒక లింకు దగ్గర ఆయనకు అనుమానం తగిలినట్టుంది. దాన్ని కడిగి కిరసనాయిలు రాశాడు, పొడిగుడ్డతో గట్టిగా తుడిచాడు, పైన సుద్దపొడి అద్దాడు. ఇనుములో పగులుంటే అందులోకి దిగిన నూనె మెల్లగా పైకి ఊరి సుద్ద మీద గీత గీస్తుంది. అది ఊరేదాకా కాచుకోవాలి. గంగారెడ్డి ఆగలేకపోతున్నాడు. "మిస్త్రి, నీ కాళ్ళు మొక్కుత. నా చేను మునుగుతున్నది, నువ్వు సుద్ద పూసుకుంట కూసున్నవ్!" మిస్త్రి తలెత్తలేదు. కాసేపటికి పిన్ను రంధ్రం పక్కన, తెల్లటి సుద్ద మీద, వెంట్రుకంత నల్లగీత తేలింది.

"బండి బందు," అన్నాడు.

"అన్నా, ఒక్క పూట పనే గదా! మెల్లగ తోల్త. ఏమన్నయితె నా జిమ్మెదారి," అన్నాను.

"సచ్చినోనికి ఏం జిమ్మెదారి ఉంటదిరా? కట్ట మీద చైను తెగితె బండి నీ మీదనే దొర్లుతది. మీ అవ్వకు నేనేం జెప్పాలె?"

గంగారెడ్డి ఆ బురదలోనే కూలబడ్డాడు. ఆ క్షణంలో దావీదు మిస్త్రి అంటే నాకు అసహ్యం వేసింది. ఆయన మాత్రం షెడ్డులోకి పోయి పారలు, గంపలు, గోనెసంచులు బయటకు విసిరాడు. "లెవ్వు పటేలా. చేతులున్నయి గదా, నడువుండ్రి," అని మొదటి గంప తనే ఎత్తుకున్నాడు. వానలో, మోకాళ్ళ లోతు నీళ్ళలో, చీకటి పడేదాకా మట్టి మోశాం. గండి పూడింది. కానీ అప్పటికే సగం చేను నీళ్ళ పాలైంది.

వానలు వెలిశాక కొత్త చైను వచ్చింది. పాతది విప్పుతున్న రోజు గంగారెడ్డి వచ్చి మా పక్కన నిలబడ్డాడు. పగిలిన లింకు మిస్త్రి చేతుల్లో ఉంది.

"నిజం జెప్పు మిస్త్రి. ఆనాడు బండి పోతే తెగుతుండెనా?"

తెగేదని చెబితే సరిపోయేది. ఆ రైతుకూ కాస్త ఊరట ఉండేది. అనేయవయ్యా అని నేను లోలోపల మొక్కుకుంటున్నాను. మిస్త్రి లింకును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏమో పటేలా. ఆ ఒక్కపూటకు తెగకుంట ఆగుతుండెనేమో."

"మరెందుకు ఆపినవ్?"

"ఆగుతుండెనేమో అన్న మాట మీద గీ పోరన్ని కట్ట ఎక్కియ్య చాతగాలే. నీ చేను నా వల్లనే పోయింది. నేను కాదంటలేను."

గంగారెడ్డి వెనుదిరిగి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత షెడ్డు ముందు నుంచి ఎన్నిసార్లు నడిచి పోయినా మిస్త్రిని పలకరించలేదు. మిస్త్రి మాత్రం ఆయన కనబడినప్పుడల్లా పని ఆపి లేచి నిలబడేవాడు.

తర్వాత నేనూ ఒక షెడ్డుకు పెద్దనయ్యాను. నడుస్తున్న బండ్లను ఆపాను, తిట్లూ తిన్నాను. "నిజంగా తెగేదా?" అని అడిగిన ప్రతివాడికీ తెలియదనే చెప్పాను. ఎన్నేళ్ళయినా ఆ మాట నోటికి అలవాటు కాలేదు. దావీదు మిస్త్రి నా ప్రాణం కాపాడాడని ఈనాటికీ ఒట్టేసి చెప్పలేను. ఆ చైను తెగకుండా ఆగేదేమో. నాకు తెలిసింది ఒక్కటే. నేను అమ్మకు దక్కాలని, ఒక మంచి రైతు కోపాన్ని దావీదు మిస్త్రి తను కన్నుమూసేదాకా నిలబడి మోశాడు.