పుట్టీగారి నీలం గిటారు

దెబ్బ తిన్న కార్లకు పుట్టీ పెట్టి, అరగదీసి, రంగు కొట్టే పనిలో ఆయన జుట్టు నెరిసింది. ఆ తెలుపులో సగం పుట్టీ దుమ్మేనంటుంది భార్య. వీధి వీధంతా ఆయన్ని పుట్టీగారనే పిలుస్తుంది. ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే, ఆ మనిషి ఎవరా అని ఆయనే వెనక్కి తిరిగి చూస్తాడు.

గొప్ప పనివాడు, అందులో అనుమానం లేదు. కానీ ఆ పనిలో ఒక తిరకాసు ఉంది. బాగా చేస్తే చేసినట్టే తెలియకూడదు. ఒకసారి తలుపు నుజ్జునుజ్జయిన కారును బాగుచేసి, భార్యను షెడ్డుకు తీసుకెళ్ళి దాని ముందు నిలబెట్టాడు.

“చూడు.”

ఆవిడ కారు చుట్టూ తిరిగొచ్చింది. “ఏముందండీ చూడటానికి?”

“అదే కదా మరి!” అన్నాడు ఉబ్బిపోతూ.

ఆవిడ “సరే” అని, సంచి భుజాన వేసుకుని ఆస్పత్రి డ్యూటీకి వెళ్ళిపోయింది. పైకి ఉబ్బిపోయాడు గానీ, ఆయనకు లోపల చివుక్కుమంది. ఇన్నేళ్ళు చేసిన పనిలో ‘ఇదిగో, ఇది నాది’ అని వేలు పెట్టి చూపించడానికి ఒక్క చోటు లేదు. ఉంటే అది చెడగొట్టిన పని కిందే లెక్క. నలుగురూ నోరు తెరుచుకుని చూసే పని ఒక్కటి, జీవితంలో ఒక్కటంటే ఒక్కటి చెయ్యాలని ఆయన ఆశ.

ఆ అవకాశం భార్య వల్లే వచ్చింది. ఆస్పత్రిలో నర్సులంతా కలిసి పాటల బృందం పెట్టుకున్నారు. అందులో ఆవిడ ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తుంది. ఇన్నాళ్ళూ తమ్ముడి పాత గిటారుతో నెట్టుకొచ్చింది. అది భుజం లాగేసేంత బరువు. ఇక లాభం లేదు, నాకు తగ్గట్టు ఒకటి చేయించుకుంటానంది. ఆస్పత్రి వార్షికోత్సవానికి అది వేదిక ఎక్కాలి.

“రంగు నేను వేస్తాను,” అన్నాడు పుట్టీగారు, చెక్క ఏదో కూడా తేలకముందే.

గిటార్లు చేసే మేస్త్రి దగ్గర చెక్క పలకలు దూలానికి తీగలతో వేలాడుతుంటాయి. ఒక్కోదాన్నీ వేలి కణుపుతో కొట్టి మోత వినిపిస్తాడు. ఆవిడ కాసేపు విని, తృప్తి లేక, సంచిలోంచి స్టెతస్కోపు తీసి పలకకు ఆనించింది. మహాగని పలక దగ్గర “దీనికి కాస్త జలుబు చేసినట్టుందండీ” అంది. ఇంకోదాని దగ్గర ఏమీ అనకుండా తల అడ్డంగా ఊపింది. మేస్త్రి ముఖం పాలిపోయింది. సొంత మనిషిని డాక్టరుకు చూపిస్తున్నవాడిలా ఆ పక్కనే నిలబడ్డాడు.

చివరికి యాష్ అనే తెల్లటి చెక్క దగ్గర ఆవిడ ఆగింది. తేలిక, గొంతు స్పష్టం. పైగా ఒంటినిండా లోతైన గీతలు. కళ్ళు మూసుకుని వాటి వెంట వేలు పోనిచ్చింది.

“ఇదే. ఈ గీతలు చూశారా?”

పుట్టీగారు చూశాడు. ఆయనకు కనిపించినవి గుంతలు.

“గిటారు మెడకి మేపుల్ చెక్క వేద్దామమ్మా,” అన్నాడు మేస్త్రి. “పైన కాస్త నూనె పట్టించి వదిలేస్తే చాలు.”

“నూనె పట్టించడానికి అదేమన్నా తలకాయా?” పుట్టీగారికి ఒళ్ళు మండింది.

తళతళలాడే ఎరుపు అని ఆయన, గీతలు మూసుకుపోతాయని ఆవిడ. ఇంటికొచ్చేదాకా వాదులాడుకుని, పలచటి నీలం, దానిపైన గాజులాంటి క్లియర్ కోటు దగ్గర రాజీపడ్డారు.

“గీతలు కనబడాలి. నేనడిగేది అదొక్కటే.”

“ఒట్టు,” అన్నాడాయన. మనస్ఫూర్తిగానే అన్నాడు.

మేస్త్రి చేసిన గిటారు ఒళ్ళు షెడ్డుకు వచ్చింది. అంచు దగ్గర చిన్న సొట్ట. అంతవరకే అనుకుని కాస్త పుట్టీ కలిపాడు. పుట్టీలో గట్టిపడే మందు కలిసిందంటే ఇక ఆగదు, చూస్తుండగానే రాయవుతుంది. సొట్ట నిండింది, పుట్టీ మిగిలింది. దాన్ని పారెయ్యడానికి ఆయనకు చేతులు రాలేదు. సొట్ట పక్కనే ఒక గీత ఉంది, నింపాడు. దాని పక్కది ఏం పాపం చేసుకుందని దాన్నీ నింపాడు. ఏదో కూనిరాగం కూడా తీస్తున్నాడు. ఒళ్ళు తెలిసేసరికి ముందు భాగమంతా పుట్టీ అయిపోయింది, కొత్తగా ఇంకో ముద్ద కలిపినట్టు కూడా గుర్తులేదు.

కంగారుగా అరగదీశాడు. పైది పోయింది, గీతల్లోది పోలేదు. నీలంలో కలిసిపోతుందిలే అనుకున్నాడు. చెక్క నీలాన్ని గటగటా తాగింది. పుట్టీ చుక్క కూడా ముట్టలేదు. ఇంకాస్త ముదురు నీలం వేశాడు. గీతలు ఇంకాస్త తెల్లగా పైకి తేలాయి. గుడ్డ కప్పి కూర్చున్నాడు.

“ఏదీ, చూడనివ్వండి,” అంటూ వచ్చింది భార్య.

“ఇంకా ఆరలేదు.”

ఆవిడ గుడ్డ తీసింది. కళ్ళు మూసుకుని వేలు పోనిచ్చింది. అద్దం మీద జారినట్టు జారిపోయింది.

“చెక్క ఏదండీ?” అంది. “అడిగింది ఒక్కటే కదా.”

“చెయ్యి ఆగలేదే...” సిగ్గుతో ఆయన తలెత్తలేకపోయాడు. ఆవిణ్ని ఇంత బాధపెట్టిన రోజు ఇంకోటి గుర్తుకు రాలేదు. “ఇంకో పలకతో చేయిస్తాను.”

“వార్షికోత్సవం దగ్గరకొచ్చేసింది. ఎప్పటికవుతుంది?”

ఆవిడ కళ్ళు తుడుచుకుని, గిటారును కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి అటూ ఇటూ తిప్పి చూసింది. చాలాసేపు చూసింది.

“ఎక్స్‌రేలా ఉంది,” అంది. “గీతలు కనబడాలన్నాను. కనబడుతున్నాయి. ఇలాగే క్లియర్ కోటు వేసెయ్యండి.”

“గీతలేంటే, అది పుట్టీ! పుట్టీ కనబడితే నా పరువేం కాను?”

“నా వేలికి తెలిసేది పోయింది, మీ పరువూ పోనివ్వండి. ఒక్క గీత కప్పారో, చూడండి మరి!”

ఆయన నోరు మూసుకుని క్లియర్ కోటు వేశాడు.

వార్షికోత్సవం రోజున ఎవరికీ కనబడకుండా చివరి వరసలో కూర్చున్నాడు. పక్క కుర్చీలో, షెడ్డులో డెంట్లు తీసే మిత్రుడు. వేదిక మీద దీపాలు వెలిగాయి. నీలం మీద తెల్ల గీతలు ధగధగలాడాయి. ముందు వరసల్లో గుసగుసలు బయల్దేరాయి.

“అన్నా,” మిత్రుడు చెవిలో అన్నాడు కంగారుగా, “పుట్టీ కనబడుతోందే!”

పుట్టీగారు అరచేత్తో ముఖం కప్పుకున్నాడు.

మొదటి పాట అయింది. చప్పట్లు ఆగాక ఆవిడ మైకు దగ్గరికి వచ్చింది. “గిటారు చాలా బాగుంది, ఎవరు చేశారని అడుగుతున్నారు. చెక్కపని మేస్త్రిగారిది. ఈ తెల్ల గీతలు మాత్రం మా ఆయనవి. అదిగో, చివర్లో దాక్కున్నారే, ఆయన!” అని వేలు పెట్టి చూపించింది.

హాలంతా వెనక్కి తిరిగింది. పుట్టీగారికి ఎటు చూడాలో తెలియలేదు. రెండో పాట మొదలైంది. మిత్రుడు ఇంకా మెడ చాచి చూస్తూనే ఉన్నాడు.

“అది కాదన్నా, ఇంత దూరానికి కూడా పుట్టీ...”

“తెలుసులేరా,” అన్నాడు పుట్టీగారు. “నువ్వు కాస్త పక్కకి జరుగు. నాకు కనబడటం లేదు.”