కంచె అవతల నిలబడి రంగు చూసినాయన

నిన్న మా అమ్మాయి వంటింట్లో కుక్కరు బుసకొడుతూ బుసకొడుతూ ఉన్నట్టుండి ఊరుకుంది. ఈల రాలేదు. "ఇంకా టైముందిలే అమ్మా," అని తను కూర తరుగుతూనే ఉంది. నేను మోకాళ్ళ నొప్పి మరిచిపోయి లేచి వెళ్ళి గ్యాసు కట్టేశాను. చప్పుడు చేసే పొయ్యి నన్నెప్పుడూ భయపెట్టదు. చప్పుడు మానేస్తేనే నా గుండె జారిపోతుంది. ఈ భయం పుట్టుకతో వచ్చింది కాదు, యేసుపాదం గారు నేర్పి వెళ్ళినది.

స్వరాజ్యం వచ్చిన మరుసటి వేసవి మాట. రెడ్డిగూడెంలో మా అత్తవారింటి పెరటి కంచెకు అవతల పెద్ద మామిడితోట ఉండేది. యేసుపాదం గారు ఆ తోటకు కాపలా. అంతకుముందు నూజివీడులో ఒక బియ్యపు మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేశారు. అది పేలి, పక్కనే ఉన్న ఆయన తమ్ముడు చనిపోయాడు. ఆ తరువాత ఆయన మళ్ళీ మిల్లు గుమ్మం తొక్కలేదు. ఆయనది ఊరి చివర క్రైస్తవుల పేట. మా కంచె దాటకూడదు, మా నీళ్ళు ముట్టుకోకూడదు. ఆనాడు మా ఇంట్లో ఎవరూ ఆయన పేరు చివర 'గారు' చేర్చలేదు. ఇప్పుడు నేను చేర్చి రాస్తున్నాను, కాదనేవాళ్ళెవరూ మిగల్లేదు కనుక.

అప్పుడు నాకు నెలలు నిండుతున్నాయి. మా అమ్మ నన్ను కని కన్నుమూసింది. నాకూ అదే రాసిపెట్టి ఉందేమోనని లోపల్లోపల వణికిపోయేదాన్ని. పుట్టింట్లో చూసేవాళ్ళు లేక పురుడు అత్తవారింట్లోనే అనుకున్నారు. వేణ్ణీళ్ళకు ఇబ్బంది లేకుండా మా ఆయన బెజవాడ నుంచి రాగి బాయిలర్ కొనుక్కొచ్చారు. మధ్య గొట్టంలో బొగ్గులు, చుట్టూ నీళ్ళు, కింద కొళాయి, మూతకు ఆవిరి పోయే చిన్న చిల్లు. మా అత్తగారు దాన్ని చింతపండుతో తోమి ఊరందరికీ చూపించారు.

మా బావి నీళ్ళ సంగతి చెప్పాలి. ఆ నీళ్ళలో కందిపప్పు ఉడికేది కాదు, సబ్బు ఎంత రుద్దినా నురగ వచ్చేది కాదు. కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర గట్టిపడేది. ఒకరోజు యేసుపాదం గారు కంచె అవతల నుంచి నన్ను పిలిచారు.

"చిన్నమ్మగారూ, చల్లారాక ఆ బాయిలర్‌లో చెయ్యి పెట్టి చూడండి. గరుగ్గా తగుల్తుందా?"

"తగులుతోంది."

"అదేనండి మా తమ్ముణ్ణి మింగింది. ఆ పెచ్చు చిల్లులన్నీ పూడ్చేస్తుంది. బుస వినబడినంతసేపూ ఆవిరికి దారి ఉన్నట్టే. ఆగిపోతే మాత్రం దగ్గరికెళ్ళకండి."

ఆ మాట చెబుతూనే ఆయన కంచె దగ్గర నుంచి వెనక్కి జరిగారు. అంత పొడుగు మనిషి భయపడగా చూడటం నాకదే మొదలు. ఆయన భయం చూసే నేను ఆయన మాట నమ్మాను.

నీళ్ళలోని ఆ గుణం పోగొట్టే ఉపాయం ఆయనకు మిల్లులో తెలిసింది. మా నీళ్ళు ఆయన ముట్టరాదు కనుక పని నా చేతులది, మాట ఆయనది. కొళాయి ఉన్న పీపా ఒకటి అరుగు మీద పెట్టించాను. కుండలో సున్నం కలిపి, పైకి తేలిన తేటను పీపాలోని బావినీళ్ళలో పోస్తే నీళ్ళు పాలలా తెల్లబడేవి. మర్నాటికి ఆ తెలుపంతా అడుగున పేరుకుని పైన తేటనీళ్ళు నిలిచేవి. నీళ్ళలోని సున్నాన్ని సున్నంతోనే తీయడం ముల్లును ముల్లుతో తీసినట్టనిపించి నవ్వొచ్చింది. సున్నం ఎక్కువైందో లేదో ఆయన దూరం నుంచే చూడాలిగా. అందుకని తెల్లటి పింగాణీ సాసరులో ఆ నీళ్ళు పోసి, చిటికెడు పసుపు వేసి కంచె దగ్గర ఎత్తి పట్టుకునేదాన్ని.

"పచ్చగానే ఉందండి, వాడుకోండి," అనేవారు. ఎర్రబడితే, "ఇంకో బిందె బావినీళ్ళు కలపండి," అనేవారు. పప్పు ఉడకడం చూసి అత్తగారు కూడా ఊరుకున్నారు.

ఒక ఉదయం సున్నం మోతాదు మించింది. సాసరులో నీళ్ళు ఎర్రగా మారాయి. సరిగ్గా అప్పుడే అత్తగారు పెరట్లోకి వచ్చారు. పసుపూ సున్నమూ కలిపిన ఎర్రనీళ్ళంటే ఆవిడకు దిష్టినీళ్ళే. దిష్టి తీసి దూరంగా పారబోయాల్సినవి కడుపుతో ఉన్న కోడలి చేతిలో, అదీ పరాయివాడి ఎదుట. ఆవిడ ముఖం పాలిపోయింది.

"ఎవరి మీద పోద్దామని పట్టుకున్నావే? పారబొయ్యి ముందు. ఏం యేసుపాదం, పిల్లకు ఇవా నేర్పేది?"

నేను ఎంత చెప్పినా వినలేదు. ఆవిడకు కోపం కంటే భయమే ఎక్కువని ఇప్పుడు తెలుస్తోంది. పీపా బోర్లించేశారు. బాయిలర్‌లోకి మళ్ళీ బావినీళ్ళే ఎక్కాయి. కంచె అవతల ఆయన రోజంతా మా పెరటివైపే చెవి పెట్టి కూర్చునేవారు.

నొప్పులు మొదలైన రోజు మధ్యాహ్నం మంత్రసాని నన్ను వెనక వసారాలో నడవమంది. ఆవిడా అత్తగారూ లోపల గుడ్డలు సర్దుతున్నారు. నీళ్ళు తొందరగా కాగాలని అత్తగారు అంతకుముందే వసారా చివరనున్న బాయిలర్ మూత మీద రుబ్బురోలు పొత్రం బరువుగా పెట్టారు. నొప్పి తెరలు తెరలుగా వస్తోంది. ఒక తెర తగ్గాక చెవిన పడాల్సిన బుస వినబడలేదు. వసారా స్తంభం పట్టుకుని అక్కడే నిలిచిపోయాను.

"లోపలికెళ్ళండి చిన్నమ్మగారూ, తలుపేసుకోండి," అని కేక వినబడింది. యేసుపాదం గారు కాయలు కోసే గెడతో ముళ్ళకంచె తొక్కుకుంటూ వస్తున్నారు. నేను తలుపు చాటుకు వెళ్ళి సందులోంచి చూశాను, గెడ కొస ఊగుతోంది. అయినా గురి చూసి పొత్రాన్ని తోశారు. మూత లేచి చూరుకు కొట్టుకుంది, పెంకులు రాలాయి, ఆవిరి పెరడంతా కమ్మింది. అది తేలేసరికి ఆయన వంగి కింద నుంచి నిప్పులు లాగేస్తున్నారు. కుడిచెయ్యి మోచేతి దాకా కమిలిపోయింది.

అత్తగారు పరుగెత్తుకొచ్చి గుమ్మంలోనే నిలిచిపోయారు. ఆయన గబగబా నాలుగడుగులు వెనక్కి వేశారు.

"నీళ్ళు నేను ముట్టుకోలేదండి అమ్మగారూ. గెడతోనే తోశాను."

అత్తగారు ఆ చేతి వంక చూశారు. బాయిలర్‌లో చెంబు ముంచి బిందెలోకి తోడుకుని ఆ నీళ్ళనే లోపలికి పట్టుకెళ్ళారు. పొద్దుగూకేలోపు నా కొడుకు పుట్టాడు, నేను బతికాను. వాడి మొదటి స్నానం ఆ నీళ్ళతోనే. మర్నాడు మంచంలో ఉండగా కంచె దగ్గర అత్తగారి గొంతు వినబడింది.

"యేసుపాదం, పసుపేశాను. రంగు చూడు."

ఆయన మళ్ళీ ఎప్పుడూ కంచె దాటలేదు. మేమూ రమ్మనలేదు. చప్పుడు ఆగితే ముందు మంట తీయాలని నేర్పారు, ఆ భయం నన్ను ఇన్నేళ్ళూ కాపాడింది. కానీ మా ప్రాణాలు నిలబెట్టి, కాలిన చెయ్యి పట్టుకుని, నీళ్ళు ముట్టుకోలేదని చెప్పుకున్నారే, ఆ గొంతులోని భయం వేరు. పొయ్యి కట్టేస్తే పోయేది కాదది.