పాటకు నాలుగు హద్దులు

ఇప్పపూలు ఎండబెట్టే రోజుల్లో మా వీధి మొత్తం సగం నిద్రలో ఉంటుంది. చాపల మీద పరిచిన పూల వాసన తియ్యగా, మత్తుగా గడపలు దాటి లోపలికి వస్తుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ మనుషులు మధ్యలో ఆగిపోతారు. అట్లాంటి ఒక మధ్యాహ్నం, గోడకానుకుని ఫోన్ చూస్తున్న నాకు నా పాట వినపడింది. కల అనుకున్నాను.

“తెల్లారకముందే రాలిన పువ్వా, ఎవరి బుట్టలో నీ ఇల్లు?”

ఎవరో అమ్మాయి, పచ్చని అడవి బొమ్మల మీద, ఎంతో తీయగా పాడుతోంది. పెళ్లయి టేకులపల్లి దగ్గరి ఈ ఊరికి వచ్చిన తొలి వేసవిలో డిగ్రీ నోట్సు వెనక పేజీల్లో రాసుకున్న పాట అది. తర్వాత బడి వార్షికోత్సవానికి పిల్లలకు నేర్పాను. పిల్లలు పెద్దవాళ్లయి తలో ఊరు పోయారు, పాటనూ వెంట తీసుకుపోయినట్టున్నారు. వీడియో కింద ఇలా ఉంది: “జానపద గీతం. రచన: అజ్ఞాతం.”

మత్తు దిగిపోయింది. పాలవాడితో, కరెంటు బిల్లు రాసేవాడితో, పాస్టరుగారితో కూడా వాదం పెట్టుకునే మనిషిని. ఈ ఊళ్లో నా గొంతు తెలియని గడప లేదు. నేను అజ్ఞాతమా? బతికుండగానే నన్ను జానపదం చేసేశారు!

బొగ్గు గని నుంచి డ్యూటీ దిగి వచ్చిన మా ఆయన బూట్లు విప్పుతూ అంతా విన్నాడు.

“పోనీ తియ్యే. పాటేమన్న పెరట్ల కోడా, ఎవడో పట్కపోయిండని లొల్లి పెట్టనీకి?”

“కోడైతే ఎవరింటి దాన్నో కూసి చెప్తది. పాట కూయదు గదా!”

“నువ్ కూస్తున్నవ్ గద, సాలదా?” అని నవ్వుకుంటూ స్నానానికి పోయాడు.

కాలేజీలో నాతో చదివిన స్నేహితురాలు ఇప్పుడు వకీలు. ఫోన్ చేసి అడిగాను. రాసిన రోజే దాని మీద హక్కు నీకు వచ్చేసింది, రిజిస్టరు చేయించకపోయినా అది ఎక్కడికీ పోదు అంది. కాకపోతే రేపు తగవు వస్తే చూపించడానికి చేతిలో ఒక కాగితం ఉంటుందట. తగవు సంగతి నేను చూసుకోగలను. నాకు కావలసింది ఆ కాగితమే, దాని మీద నా పేరే.

మర్నాడు అరుగు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కాపీరైట్ ఫారం నింపుతున్నాను. ఎదురింటి అవ్వ చాట నిండా చిక్కుడుకాయలతో వచ్చి పక్కన కూర్చుంది.

“ఏంది బిడ్డా, గంతగనం జూస్తున్నవ్?”

“నా పాటను నా పేరు మీద రాయించుకుంటున్నా అవ్వా.”

“పట్టానా?”

“అవ్, గట్లాంటిదే,” అన్నాను, తల ఎత్తకుండానే. అదే నేను చేసిన తప్పు. పోడు భూమి పట్టా కోసం ఏళ్లకేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగిన మనిషి ముందు అనకూడని మాట. అవ్వ చాట కింద పెట్టి సర్దుకుని కూర్చుంది.

“సర్వేకు ఎప్పుడొస్తరు?”

“పాటకు సర్వే ఏంది అవ్వా!”

“సర్వే లేకుంట పట్టా ఎవడిస్తడు? మా పోడు సుట్టూ ఫోన్ పట్కొని రెండు దినాలు తిరిగిండ్రు. సరే, హద్దులన్న జెప్పు. నీ పాటకు తూర్పున ఏమున్నది?”

“తూర్పున నేనే, పడమట నేనే. నాలుగు దిక్కులా నేనే.”

“గట్ల ఎవ్వలికి ఉండది బిడ్డా,” అంది అవ్వ తాపీగా. “పక్కన ఎవలదో ఒకలది ఉంటది. యాది జేస్కో.”

నవ్వొచ్చింది. కానీ ఫారంలో తర్వాతి గడి కూడా అదే అడుగుతోంది: ఈ రచన పూర్తిగా మీ సొంతమేనా? టిక్కు పెట్టబోయి, ఎందుకో పాట ఒకసారి పైకి చదివాను. చరణం అయింది. పల్లవి వచ్చింది.

“ఉన్నవానే? ఉన్న...”

అక్కడ ఆగిపోయాను.

ఆ తొలి వేసవిలో నన్ను అడవికి తీసుకుపోయింది ఈ అవ్వే. ఇంకా వెలుగు రాలేదు. చెట్ల కింద ఆకులు కాల్చిన పొగ, నేల మీద పాలలాగా పరుచుకుంది. పూలు ఒక్కొక్కటీ ఎండుటాకుల మీద టప్ టప్ మని రాలుతున్నాయి. వంగి ఏరుతుంటే నా చేతులు తప్ప నాకేమీ కనపడలేదు. చెట్టుకొక మనిషి, మనిషికొక పొగ. ఇప్పపూలకు ఎలుగుబంట్లు కూడా వస్తాయి కాబట్టి కాసేపటికోసారి ఎవరో పొగలోంచి పిలిచేవారు: ఉన్నవానే? జవాబు చెప్పాలి: ఉన్న. చెప్పకపోతే బుట్టలు వదిలేసి అందరూ వెతకడానికి వస్తారు. అత్తగారింట్లో అన్నం పెట్టారు, పని చెప్పారు. ఉన్నావా అని మాత్రం ఎవరూ అడగలేదు. ఆ పొద్దున అవ్వ పిలిచిన ప్రతిసారీ, అవసరానికి మించి గట్టిగా అరిచాను.

“అవ్వా, ఈ పిలుపు నీది గదా?”

“నాదేంది? మా అమ్మ పిలిచేది. ఆమెను ఎవలు పిలిచిండ్రో! ఎలుగొస్తదని పిలుస్తం గని, అదేం పాట?”

ఆ వీడియో పెట్టినవాడు కనీసం అజ్ఞాతం అని రాశాడు. నేను ఇన్నేళ్లు ఈ పిలుపుకు కూడా నా పేరే పెట్టుకున్నాను. ఇతరులతో వాదించడం తేలిక. ఇక్కడ ఎదురుపక్షం కూడా నేనే.

“నీ పేరు కూడా పెడతా,” అన్నాను చివరికి.

“నాకెందుకే? నాకు పట్టా ఉన్నది గద! నన్ను పడమటి హద్దు అని రాయి, సాలు.”

ఫారంలో హద్దులకు గడి లేదు. అందుకని ఫారంతో పంపాల్సిన పాట కాపీలోంచి పల్లవి తీసేశాను. ఆ చోట తెల్లగా వదిలేసి, నావైన నాలుగు చరణాలు మాత్రం ఉంచాను. పంపాక నెల రోజులు ఆగుతారట, ఎవరికైనా అభ్యంతరం ఉందేమోనని. అభ్యంతరం చెప్పగల మనిషి నా అరుగు మీదే చిక్కుడుకాయలు తుంచుతోంది. పంపే ముందు ఆమెకు ఒకసారి చదివి వినిపించాను.

మొదటి చరణం అయింది. తెల్లగా వదిలిన చోటు వచ్చింది, ఊరుకున్నాను. ఎదురుగా చాప మీద పూల వాసన, పడమటి ఎండ. అవ్వ చాటలోంచి తల ఎత్తలేదు.

“ఉన్నవానే?” అంది.

“ఉన్న,” అన్నాను.