మా గల్లీ ఓటీపీలన్నీ నా ఫోనుకే

ఇయ్యాల నేను సదువు చెప్పే బడిల పిల్లలకు పరీక్షుండె. ఫోను సైలెంటుల వెట్టి బ్యాగుల పడేసిన. మధ్యాహ్నం తీసి చూస్తే పదిహేడు మిస్డ్ కాల్స్. అన్నీ రాజవ్వ పెద్దమ్మయే.

పెద్దమ్మది మా పక్కిల్లు, మరమగ్గాల పని. పెదనాయినను ఆపరేషనుకని కరీంనగర్ దవాఖానకు తీస్కపోయింది. ఆధార్ ఓటీపీ చెప్తేనే పేరు రాసుకుంటమన్నరట. గా ఓటీపీ వచ్చేది నా ఫోనుకు. ఆధార్ ఫొటోలు దిగిన్నాడు మా గల్లీల సెల్లు నా ఒక్కదానికే ఉండె. పదకొండు మంది నా నంబరే రాయించిండ్రు. నేను గూడ మురుసుకుంట ఇచ్చిన.

వెంటనే ఫోన్ చేసిన. "పరీక్ష డ్యూటీల ఉంటి పెద్దమ్మా, చూస్కోలే," అన్న.

"పొద్దటి సంది లైన్ల నిలవడ్డం బిడ్డా. ముందుగాల వచ్చింది టైమైపోయిందట, మల్ల పంపుతుండ్రు. జర ఫోను చేతుల్నే వట్టుకో."

మల్లొచ్చింది. ఆరంకెలు రెండుసార్లు చదివి చెప్పిన. పేరెక్కింది. ఫోను వెట్టేముందు పెద్దమ్మ నన్ను తిట్టలే. మెల్లగ ఒక్కటే అడిగింది: "నీకేమన్న అయితే మేమెట్ల బిడ్డా?"

గప్పటి సంది ఒకటే ఫికర్. ఆదివారం అందర్నీ తీస్కపోయి ఎవరి నంబరు వాళ్ళకే ఎక్కిద్దామనుకున్న. లెక్క చూస్తే ఆరుగురికి ఇప్పటికీ ఫోనే లేదు.

ఫోను చార్జింగు వెట్టి, పక్కన్నే కూసొని ఇది రాస్తున్న. మీరు గూడ ఒకసారి చూస్కోండ్రి, మీ నంబరు మీద ఎంతమంది బతుకుతుండ్రో.