గ్యాఫర్ గారి కళ్లు

కెనడాలో, విండ్సర్‌లో చదువుకున్న రెండేళ్లలో ఏడాదికి పైగా నేను ఒక ఇంగ్లీషు ఫుట్‌బాల్ ఆటగాడి దగ్గర పనిచేశాను. ఆటగాడు అనడం మర్యాద కోసం. నేను చేరేనాటికి ఆయనకు డెబ్భై దాటాయి. ఆడింది ఇరవైల్లో నాలుగైదేళ్లు. మిగిలిన జీవితమంతా ఆ నాలుగైదేళ్ల గురించి చెప్పడంలోనే గడిచింది.

అది మన తెలుగు విద్యార్థులు వరదలా వచ్చి పడిన కాలం. విండ్సర్‌లో ఏ బస్టాపులో నిలబడినా తెలుగు వినిపించేది. ఒక కాఫీ షాపులో ఒక్క ఉద్యోగం పడితే రెజ్యూమెలు పట్టుకున్నవాళ్ల క్యూ వీధి మలుపు తిరిగేది. నేను కూరగాయల కొట్టుకీ, కార్ వాష్‌కీ, ఆఖరికి ఒక శ్మశానం ఆఫీసుకీ అప్లై చేశాను. శ్మశానం వాళ్లు కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ ఉందా అని అడిగారు.

అలాంటప్పుడు సాకర్ డోమ్ గోడ మీద ఒక కాగితం కనిపించింది. డోమ్ అంటే గాలితో ఉబ్బించిన పెద్ద తెల్ల గుడారం. చలికాలంలో పిల్లలు అందులో ఆడుకుంటారు. కోచ్‌కి అసిస్టెంట్ కావాలి, డ్రైవింగ్ రావాలి, ఆట తెలిసి ఉండాలి అని రాసి ఉంది. డ్రైవింగ్ లైసెన్స్ అప్పుడే వచ్చింది. ఆట తెలియదు. రెండు రోజులు కూర్చుని వీడియోలు చూసి ఆఫ్‌సైడ్ రూలు బట్టీ పట్టాను.

ఇంటర్వ్యూలో ఆయన సరిగ్గా అదే అడిగాడు. గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను. కళ్లు మూసుకుని పూర్తిగా విన్నాడు.

"తప్పు చెప్పావు," అన్నాడు. "కానీ ఎంత ధైర్యంగా చెప్పావు! రిఫరీలూ ఇంతే. రేపట్నుంచి రా."

"థాంక్యూ సర్," అన్నాను.

"సర్ కాదు. గ్యాఫర్."

వాళ్ల దేశంలో ఆటగాళ్లు కోచ్‌ని అలా పిలుస్తారట. నాకది గఫార్ అని వినిపించింది. నెల రోజులపాటు మా ఇంట్లో గఫార్ సాబ్ ఇట్లన్నడు, గఫార్ సాబ్ అట్లన్నడు అని చెప్పుకున్నాను. నాతో గది పంచుకున్న నిజామాబాద్ అమ్మాయి రంజాన్‌కి సెలవిస్తాడా అని కూడా అడిగింది. ఆయన మాత్రం నన్ను పేరు పెట్టి ఒక్కసారీ పిలవలేదు. ఉత్తర ఇంగ్లండు అలవాటు ప్రకారం ఆడవాళ్లందరినీ 'లవ్' అనేవాడు. ఫోన్ స్పీకర్‌లో అది విన్నరోజు ఆ అమ్మాయి మంచం మీద లేచి కూర్చుంది.

"ఏందే, ముసలాయన నిన్ను లవ్ అంటుండా?"

"కూరగాయలమ్మే ఆంటీని కూడా అట్లనే అంటడు. నువ్వు పండుకో."

ఆయన ఉద్యోగం రెండు ముక్కలు. వారంలో డోమ్‌లో పిల్లలకు కోచింగ్. శనివారాలు స్కౌట్ పని, అంటే టొరంటో పక్కనున్న మిస్సిసాగా వెళ్లి టోర్నమెంట్లు చూసి, పనికొచ్చే పిల్లల గురించి సరిహద్దుకు అవతలి అమెరికా కాలేజీలకు రిపోర్టులు పంపడం. ఇంగ్లండులో తానాడిన క్లబ్బు బొమ్మ కుట్టిన జాకెట్ వేసుకుని మైదానం పక్కన నిలబడేవాడు. ఆ జాకెట్ చూడగానే మన తెలుగు తల్లిదండ్రులు పిల్లల్ని ముందుకు తోసేవారు. ఇంట్లో బంతి తగిలి టీవీ కదిలితే వీపు విమానం మోత మోగించేవాళ్లే ఇక్కడ "ప్యాషన్, కోచ్, చిన్నప్పట్నుంచీ ప్యాషన్" అనేవారు. స్కాలర్‌షిప్ అన్న మాట వాళ్ల నోట్లో నానుతూ ఉండేది. పైకి మాత్రం రాదు.

మోకాలు బాగాలేదని కారు నన్నే నడపమన్నాడు. ఆయన జీవిత చరిత్ర నాకు మిస్సిసాగా వెళ్లే 401 హైవే మీద తెలిసింది, ఒక్కో ఊరికి ఒక్కో ముక్క. ఛాతమ్ దాకా బాల్యం, బొగ్గు గనుల ఊరు. లండన్ వచ్చేసరికి (మన అంటారియో లండన్) కప్ మ్యాచ్. అందులో దేశమంతా పేరున్న ఒక ఫార్వర్డ్‌ని ఆపే పని ఈయనకు అప్పజెప్పారు. మొదటిసారి చెప్పినప్పుడు ఆ ఫార్వర్డ్ రెండు గోల్స్ కొట్టాడు. చలికాలం ముదిరేసరికి ఒకటైంది. మంచు కరిగేనాటికి అతనికి బంతే అందలేదు. ఉడ్‌స్టాక్ దగ్గర మోకాలు విరిగేది. కేంబ్రిడ్జ్ దాకా ఇన్సూరెన్స్ అమ్మకాలు, ఆపైన కెనడా వచ్చి విన్నిపెగ్‌లో కోచింగ్, పెళ్లి, విడాకులు. మిల్టన్ దగ్గర "అలా స్కౌట్‌నయ్యాను" అని ముగించి నిద్రపోయేవాడు.

మూడో ట్రిప్పులో అసలు సంగతి తెలిసింది. మ్యాచ్ మధ్యలో ఆయన గొంతు చించుకుని, "ఏయ్, గీత మీద ఏం చేస్తున్నావు, లోపలికి రా!" అని అరిచాడు. ఆ మనిషి తిరిగి చూశాడు. అతను ఆటగాడు కాదు, గీత వెంట జెండా పట్టుకుని తిరిగే లైన్స్‌మన్.

ఆ తర్వాత నేను గమనించడం మొదలుపెట్టాను. "ఆ నంబర్ ఎంత? ఇప్పుడెవరు పడ్డారు?" అని అడిగేవాడు. నాకు పరీక్ష పెడుతున్నాడనుకున్నాను ఇన్నాళ్లూ. కాదు. ఆయనకు కనబడటం లేదు. కారు నడపనిదీ అందుకే. పాపం మోకాలికి ఏ రోగమూ లేదు.

తర్వాతి శనివారం మిస్సిసాగా వెళ్లేటప్పుడే ధైర్యం చేసి అడిగాను. "గ్యాఫర్, మీకు ఎంత దూరం కనిపిస్తుంది?"

"రంగులు తెలుస్తాయి," అన్నాడు. "ఎవరికైనా చెప్తావా?"

చెప్తే ఆయన ఉద్యోగం పోతుంది. దాంతో నాదీ పోతుంది. ఆ రోజు నేను చూపించిన జాలిలో సగం నా మీదే.

అప్పట్నుంచి కళ్లు నావి, జాకెట్ ఆయనది. నేను మ్యాచ్ చెప్పేదాన్ని, ఆయన వినేవాడు. తెలిసింది క్రికెట్ కాబట్టి క్రికెట్ భాషలోనే చెప్పేదాన్ని. "ఈ పిల్లాడు కష్టమైన క్యాచ్ పట్టినట్టు దొర్లుతాడు గానీ బంతి పక్కనుంచి పోతది" అంటే పగలబడి నవ్వేవాడు. క్రికెట్ ఆట కాదని, అదొక రకం పిక్నిక్ అని ఆయన అభిప్రాయం. కానీ ఒక్క ప్రశ్న మాత్రం ప్రతి ఆటగాడి గురించీ అడిగేవాడు.

"బంతి కాలికి రాకముందు ఎటు చూశాడు?"

మొదట్లో నాకది చాదస్తం అనిపించింది. తర్వాత తెలిసింది, నూటికి తొంభైమంది పిల్లలు బంతినే చూస్తారని. ఒక్క అమ్మాయి చూసేది కాదు. విండ్సర్ జట్టులోనే ఆడే పదహారేళ్ల పిల్ల, ఎడమకాలి వాటం. వాళ్లమ్మ కార్ల సీట్లు కుట్టే ప్లాంటులో షిఫ్టులు చేసేది. బంతి వచ్చేలోపు ఎవరెక్కడున్నారో చూసుకోవడానికి ఆ పిల్ల తల రెండుసార్లు వెనక్కి తిరిగేది, రోడ్డు దాటేవాళ్ల లాగ. అదే చెప్పాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"రెండుసార్లా? లెక్కపెట్టావా?"

"ప్రతిసారీ రెండుసార్లే."

ఆ రాత్రే ఆయన చెబుతుంటే రిపోర్టు టైప్ చేసి పంపించాను. అంతకు ముందూ తర్వాతా ఆయన అంత పొగుడుతూ ఇంకే రిపోర్టూ చెప్పలేదు.

మాకు ఎసరు పెట్టింది ఒక తెలుగు పెద్దాయన. మిస్సిసాగాలో రిటైరైన కళ్ల డాక్టరు, గుంటూరు వైపు మనిషి. మనవడి మ్యాచ్‌లకు మడత కుర్చీ, ఫ్లాస్కు తెచ్చుకుని వచ్చేవాడు. ఒక శనివారం గ్యాఫర్ టీకప్పు అందుకోబోయి గాల్లో తడుముకోవడం చూశాడు. నా వైపు తిరిగి తెలుగులో, ముఖం మీద చిరునవ్వు చెదరకుండా అన్నాడు:

"అమ్మాయ్, మీ దొరగారికి రెండు కళ్లల్లోనూ శుక్లాలు ముదిరిపోయున్నాయి. ఈయనేంటి, ఆటలు చూసి సెలెక్ట్ చేసేదేంటి?"

మా వైపు మోతిబిందు అంటారు. పేరేదైతేనేం, దొరికిపోయాం.

"అంకుల్, ప్లీజ్, ఎవరికీ చెప్పకుండ్రి."

"ఛఛ, నాకెందుకమ్మా. కాకపోతే మావాడి రిపోర్టు నువ్వేగా రాసేది. కాస్త మంచిగా రాయి. విజన్ ఉందని రాయి."

కళ్ల డాక్టరు, ఏం రాయాలో కూడా చెప్పాడు. "ఏంటంటున్నాడు?" అని గ్యాఫర్ అడిగితే, "టీ బాగుందా అంటున్నడు," అన్నాను.

తిరుగు ప్రయాణంలో గ్యాఫర్ ఆ కుర్రాడి గురించి అడిగాడు.

"చాలా బాగా ఆడిండు. మంచి విజన్ ఉంది," అన్నాను.

"బంతి రాకముందు ఎటు చూశాడు?"

నిజానికి వాడు బంతి వచ్చినా రాకపోయినా గడియారం వైపే చూశాడు. "గ్రౌండ్ వైపు," అన్నాను.

"గ్రౌండ్‌లో నిలబడ్డవాడు గ్రౌండ్ వైపు కాక ఎటు చూస్తాడు?" ఆయన సీట్లో నిటారుగా కూర్చున్నాడు. "ఇన్నాళ్లూ నువ్వు నాకు అబద్ధం చెప్పలేదు, లవ్. ఎవరు చెప్పమన్నారు?"

చెప్పేశాను. ఏడుపొచ్చింది. ఏడుస్తూ లారీల మధ్య లేన్ మారాను. ఆయన కోప్పడతాడనుకున్నాను. చాలా దూరం వచ్చాక అడిగాడు:

"ఆ డాక్టరు మంచివాడేనా?"

"మనిషి సంగతి తెల్వదు. డాక్టరుగా మంచి పేరే ఉంది."

"అయితే ఫోన్ కలుపు."

పదేళ్లుగా ఆపరేషన్ భయంతో దాచుకుంటున్న కళ్లను, తనను బెదిరించినవాడి చేతుల్లో పెట్టాడు. డాక్టరు అంకుల్ సిగ్గుపడ్డాడో, లేక వృత్తి గుర్తొచ్చిందో తెలియదు గానీ, తన దగ్గర పని నేర్చుకున్న ఒక సర్జన్‌తో మాట్లాడి దగ్గరుండి చేయించాడు. ముందు ఒక కన్ను, కొన్ని వారాలకు రెండోది.

కొత్త కళ్లతో గ్యాఫర్ మొదటిసారి నా పక్కన కూర్చున్న రోజు టిల్బరీ దాటకముందే తలుపు మీది పిడిని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఇన్నాళ్లూ ఇలాగే నడిపావా?"

"అవును."

"లారీలకు ఇంత దగ్గరగా?"

"అవును గ్యాఫర్."

"దేవుడా! కనబడనప్పుడే హాయిగా ఉంది."

ఆ రోజు జీవిత చరిత్ర వినిపించలేదు. కప్ మ్యాచ్ లేదు, మోకాలూ విరగలేదు. రోడ్డే చూశాడు.

మిస్సిసాగాలో డాక్టరు మనవడి ఆట పది నిమిషాలు చూసి, అంకుల్ దగ్గరికి వెళ్లి, "మీవాడికి ఈ ఆట ఇష్టం లేదు. ఒకసారి అడగండి," అన్నాడు. అంకుల్ అక్కడికక్కడే మనవడిని పిలిచి అడిగాడు.

"ఐ టోల్డ్ యూ, తాతయ్యా. మెనీ టైమ్స్," అన్నాడు ఆ పిల్లాడు. అంకుల్ ఫ్లాస్కు మూత బిగించుకుంటూ ఉండిపోయాడు. ఎన్నో వేల కళ్లు బాగుచేసిన మనిషి.

గ్యాఫర్ గొప్పవాడే అని నేను ఒప్పుకుని గంట కూడా కాలేదు. పక్క మైదానంలో మా ఎడమకాలి అమ్మాయి ఆడుతోంది. చూపించాను. ఆయన తల అడ్డంగా తిప్పాడు.

"ఈ పిల్లా? మరీ చిన్నగా ఉంది. భుజాలు లేవు. ఒక్క తోపుకి పడిపోతుంది."

"తల చూడండి గ్యాఫర్. రెండుసార్లు తిరుగుతున్నది!"

"తల సరే. ఒళ్లేది?"

నాకు ఒళ్లు మండింది. కనబడనన్నాళ్లూ ఆయన ఎవరికీ తట్టని ప్రశ్న అడిగాడు. కనబడటం మొదలయ్యాక అందరూ చూసేదే చూశాడు. ఎత్తు, లావు, భుజాల వెడల్పు. పెళ్లిచూపులకు వచ్చిన మేనత్తలా నిలబడి పిల్ల పొట్టి అంటున్నాడు.

"మీరే కదా పొగుడుతూ రిపోర్టు పంపింది!"

"వెనక్కి తీసుకుంటున్నానని రాయి."

"నేను రాయను. మీకిప్పుడు కళ్లున్నాయి కదా, మీరే రాసుకోండ్రి."

ఆయన రాయలేదు. రెండు వేళ్లతో టైప్ చేసే ఓపిక లేకో, నన్ను పోగొట్టుకోవడం ఇష్టం లేకో. రెండు వారాలు మా మధ్య అవసరమైన మాటలే. నేను లేన్ మారేముందు మూడుసార్లు అద్దం చూసేదాన్ని. ఆయన నాలుగుసార్లు చూసేవాడు.

ఇంతలో అవతలి వైపు కాలేజీ కోచ్ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. రిపోర్టు చదివామని, అమ్మాయిని ట్రయల్‌కి తీసుకురమ్మని. వాళ్లమ్మే షిఫ్టు మార్చుకుని నది మీది సరిహద్దు వంతెన దాటించి తీసుకెళ్లింది. నేను స్టడీ పర్మిట్ మీద ఉన్నదాన్ని, అమెరికా వీసా లేదు, నదికి ఇవతలే ఉండిపోయాను. సాయంత్రానికి ఫోన్ వచ్చింది. తీసుకున్నారు, చదువు ఖర్చుతో సహా. గ్యాఫర్ ఫోన్ పెట్టేసి డోమ్‌లో ఉన్న అందరికీ వినబడేలా అన్నాడు:

"నేను మొదటిసారి చూసినప్పుడే చెప్పాను."

ఇది అబద్ధం అనడానికి కూడా లేదు. మొదటిసారి ఆయన చూడలేదు. చెప్పడం మాత్రం చెప్పాడు.

నేను చప్పట్లు కొట్టాను. ఆ నెలలోనే నాకు రిఫరెన్స్ లెటర్ కావాలి. లెటర్‌లో ఆయన నన్ను అసిస్టెంట్ స్కౌట్ అని రాశాడు. కెనడాలో స్థిరపడటానికి పెట్టబోయే నా పీఆర్ కాగితాలు చూసిన కన్సల్టెంట్ ఆ మాట దగ్గర ఆగి, "ఇంజినీరింగ్ చదివి ఇదేం పనమ్మా?" అని అడిగి, ఆ అనుభవం పాయింట్లకు పనికిరాదని కొట్టేశాడు.

ఆ వారం చివర్లో ఆ పిల్ల తల్లి ప్లాంటు యూనిఫాంలోనే డోమ్‌కి వచ్చింది. చేతిలో పెద్ద కేకు పెట్టె. కేకు మీద నీలం రంగు క్రీముతో గ్యాఫర్ పూర్తి పేరు, కింద కృతజ్ఞతలు. ఆవిడ ఆయన చేతులు పట్టుకుని ఏడ్చింది. ఆయన కూడా ఏడ్చాడు. కొత్త కళ్లు, నీళ్లు బాగానే వచ్చాయి. నా వైపు తిరిగి ఆవిడ, "నువ్వు డ్రైవర్‌వి కదూ?" అంది ఆప్యాయంగా.

గ్యాఫర్ నా వైపు చూశాడు. తర్వాత కత్తి తీసుకుని కేకు తానే కోశాడు. అందరికన్నా ముందు నాకు ప్లేటు ఇచ్చాడు, మిగతావాళ్ల దానికన్నా పెద్ద ముక్క. దాని మీద ఆయన ఇంటిపేరులోని ఆఖరి అక్షరం ఒక్కటి ఉంది. నాకు చాలా కోపంగా ఉంది. కేకు మాత్రం బాగుంది, రెండో ముక్క కూడా అడిగి పెట్టించుకున్నాను.